విశాఖ నుంచి చలికాలపు పిట్టల యాత్ర: టైడా అడవి, అరకు మైదానం, కొండకర్ల ఆవ

డిసెంబరు వచ్చిందంటే విశాఖలో కొత్తగా బైనాక్యులర్స్ కొన్నవాళ్లందరూ అడిగేది ఒకటే. "అరకు వెళ్లొచ్చామండీ, కాకులూ గోరింకలూ తప్ప ఏమీ కనపడలేదు. పిట్టలన్నీ ఎక్కడున్నాయి?" పిట్టలు అక్కడే ఉన్నాయి, మీరు వెళ్లిన వేళే తప్పు. పొద్దున ఏడు లోపు విశాఖలో కదిలే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కి, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ అరకులో దిగేసరికి దాదాపు 11 అవుతుంది. అప్పటికి పిట్టల పొద్దుటి మేత అయిపోయి, అవన్నీ నీడ పట్టున సద్దుమణుగుతాయి. ఆ రైలు ప్రయాణం అందమైనదే, కాదనం. పిట్టలకు మాత్రం పనికిరాదు.

చలికాలపు యాత్రలో గుర్తుంచుకోవలసిన లెక్క చిన్నది. అడవిని తెల్లారుతూనే చూడాలి. కొండమీది పొలాలను మంచు విడిచాక ఒకసారి, పొద్దు వాలాక ఇంకోసారి చూడాలి. నీళ్లను సూర్యుడు వీపు వెనక ఉండగా చూడాలి. కింది మూడు రోజుల దారి ఆ లెక్కతోనే వేశాం: విశాఖ, శృంగవరపుకోట, టైడా, అనంతగిరి, అరకు, హుకుంపేట, పాడేరు, చోడవరం, అనకాపల్లి, కొండకర్ల, తిరిగి విశాఖ. ఎక్కిన ఘాట్‌లో దిగనక్కర్లేదు, చుట్టు తిరిగి ఇంటికొస్తారు.

ఏం కావాలి

బైనాక్యులర్స్: 8×42 తీసుకోండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే 5.25 వస్తుంది, కంట్లోకి వచ్చే వెలుగు వలయం అంత. 8×32లో అది 4 మాత్రమే, అడవిలో ఆరున్నరకి ఆ తేడా తెలుస్తుంది. 10×, 12× అని ఎగబడకండి. చెయ్యి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది, చూపు పరిధి తగ్గుతుంది, ఆకుల్లో కదిలే పిట్ట దొరకదు. బొమ్మల పెట్టె మీద "30×60" అని రాసి అమ్మేవి అసలు ముట్టుకోకండి.

బట్టలు: అరకులో డిసెంబరు, జనవరి పొద్దులు పది డిగ్రీల చుట్టూ ఉంటాయి, ఒక్కోసారి ఇంకా కిందికి. తొమ్మిదింటికి ఎండ వచ్చేసరికి చెమట పడుతుంది. లావుపాటి స్వెటర్ ఒకటి కాకుండా పల్చటివి రెండు మూడు ఒకదానిమీద ఒకటి వేసుకుంటే ఒక్కొక్కటే విప్పుకోవచ్చు. తెలుపు, ఎరుపు, మెరిసే గుడ్డ వద్దు. నడిస్తే కరకరమని చప్పుడయ్యే రెయిన్ జాకెట్ కూడా వద్దు. గడ్డి మీద మంచుకి బూట్లు తడుస్తాయి, రెండు జతల మేజోళ్లు అదనంగా పెట్టుకోండి.

మిగతావి: నోటుబుక్కు, పెన్సిలు (తడికి పెన్ను సిరా అలుక్కుంటుంది), తలకి కట్టుకునే టార్చి, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, వేరుశనగలు, అరటిపళ్లు, జిప్ కవర్లు, సిలికా జెల్ పొట్లాలు, దోమల క్రీము. ఏజెన్సీలో మలేరియా ఉంది, చలికాలం కదా అని తేలిగ్గా తీసుకోకండి. పది, ఇరవై, యాభై నోట్లు కూడా ఉండాలి, సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే పనిచెయ్యదు.

కారుకి నలుగురు చాలు. ఎనిమిదిమంది వెళ్తే అది పిక్నిక్కే. పిక్నిక్ తప్పు కాదు గానీ దానికి బైనాక్యులర్స్ ఎందుకు?

1. తేదీ ఎంచుకోండి

కార్తీక మాసంలో ఆదివారాలు వనభోజనాల జనం. క్రిస్మస్ నుంచి ముక్కనుమ దాకా అరకు రోడ్డు నిండా కార్లు. ఈ రెంటి మధ్య కార్తీకం వెళ్లాక డిసెంబరు 20 లోపు ఒక ఖాళీ, పండగ వెళ్లాక జనవరి 18 నుంచి ఫిబ్రవరి చివరిదాకా ఇంకొకటి. రెండోదే మేలు. నీళ్లు తగ్గి బాతులు ఒకచోట చేరతాయి, బూరుగు చెట్లు పూతకొస్తాయి, పొలాలు కోసి ఖాళీగా ఉంటాయి. వలిసె పూల పసుపు కూడా చూడాలంటే మాత్రం నవంబరు చివర, డిసెంబరు మొదట్లో వెళ్లాలి.

బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే యాత్ర వారం వాయిదా వెయ్యండి. వానకి ఘాట్‌లో రాళ్లు జారతాయి. కొండకర్ల ఆవలో (సరస్సులో) నీళ్లు పెరిగితే బాతులు చుట్టుపక్కల పొలాల్లోకి చెదిరిపోతాయి. వీలైతే శని, ఆదివారాలు వదిలి మంగళవారం బయల్దేరండి.

2. బైనాక్యులర్స్ మీ కళ్లకి సరిచేసుకోండి

చాలామంది కొన్న రోజు నుంచీ ఈ పని చెయ్యరు, "అద్దాలు బాగాలేవు" అంటారు. ఇంట్లో అయిదు నిమిషాల పని.

ముందు రెండు గొట్టాలనూ మడిచి, రెండు వలయాలు కలిసి ఒకే గుండ్రంగా కనపడేదాకా సర్దండి. కళ్లజోడు ఉంటే కంటి దగ్గరి రబ్బరు కప్పులు లోపలికి తిప్పండి, లేకపోతే బయటికి. వీధి చివర దుకాణం బోర్డు చూడండి. కుడి అద్దానికి చెయ్యి అడ్డం పెట్టి, ఎడమ కంటితో మధ్య చక్రం తిప్పి అక్షరాలు స్పష్టంగా కనపడేలా చెయ్యండి. ఇప్పుడు ఎడమవైపు చెయ్యి అడ్డం పెట్టి, మధ్య చక్రం ముట్టకుండా, కుడి కంటి దగ్గరి సన్న రింగు తిప్పండి. చాలా బైనాక్యులర్స్‌కి ఆ రింగు కుడివైపే ఉంటుంది. అది ఎక్కడ ఆగిందో పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఇక ఎంత దూరం చూసినా మధ్య చక్రం ఒక్కటే తిప్పాలి.

సరిగ్గా కుదిరిందా లేదా తేలాలంటే అయిదు నిమిషాలు ఆపకుండా చూడండి. తల బరువెక్కినా, బొమ్మ రెండుగా కనపడినా మళ్లీ మొదటినుంచి చెయ్యండి. రెండోసారీ అంతే అయితే లోపల అద్దాలు వరస తప్పాయన్నమాట, దుకాణానికి తిరిగివ్వండి.

ఇక పిట్టను పట్టడం. కళ్లతో పిట్టను చూస్తూ, చూపు తిప్పకుండా, బైనాక్యులర్స్‌ని కళ్లకి తెచ్చుకోవాలి. ముందు బైనాక్యులర్స్ పెట్టుకుని తర్వాత పిట్టకోసం వెతికితే ఎప్పటికీ దొరకదు. మేడమీద నిలబడి కరెంటు తీగ మీది పసులపోలిగాడిని ఇరవైసార్లు ఇలా పట్టి చూడండి.

3. ఫోను సిద్ధం చేసుకోండి

మెర్లిన్‌లో (కూత విని పిట్ట పేరు చెప్పే యాప్) మన ప్రాంతపు ప్యాక్, ఈబర్డ్‌లో (చూసిన పిట్టల జాబితాలు నమోదుచేసే యాప్) మన ప్రాంతపు జాబితా, గూగుల్ మ్యాప్‌లో అరకు, పాడేరు, అనకాపల్లి ముక్కలు ఇంటి వైఫై మీదే దించుకోండి. ఘాట్ ఎక్కాక సిగ్నల్ వస్తుందని నమ్ముకోకండి. మెర్లిన్ చెప్పిన పేరు సలహా మాత్రమే. ఏట్రింత (డ్రాంగో) జాతి పిట్టలు ఇతర పిట్టల గొంతులు అనుకరిస్తాయి, మెర్లిన్ వాటికి మోసపోతుంది. పిట్ట కనపడకుండా ఫోను ఒక్కటే చెప్తే రాసుకోకండి.

4. ఊళ్లోనే ఒక పొద్దు సాధన

యాత్రకి వారం ముందు ముడసర్లోవ గానీ మేఘాద్రిగెడ్డ గానీ భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసేచోటు గానీ ఒక పొద్దున రెండు గంటలు నిలబడండి. కొత్త పిట్టల కోసం కాదు. పికిలిపిట్ట, గోరింక, పసులపోలిగాడు, జెముడుకాకి, తీతువు, పసిరిక, పాలపిట్ట, లకుముకి, నీటికాకి, కొంగల్లో ఓ నాలుగు, వీటిని తడుముకోకుండా గుర్తుపట్టడం కోసం. కొండమీద అరుదైన పిట్ట కనపడినప్పుడు "ఇది మామూలుది కాదు" అని తోచాలంటే ముందు మామూలువి నోటికి రావాలి. ఈ మెట్టు దాటేసినవాళ్లే అరకులో పికిలిపిట్టల ఫోటోలు నలభై తీసుకొస్తారు.

5. మొదటి పొద్దు: టైడా

ఈ రోజుల్లో సూర్యోదయం 6.20 నుంచి 6.35 మధ్య. అరగంట ముందే వెలుగు వస్తుంది. విశాఖ నుంచి టైడా సుమారు 75 కిలోమీటర్లు. నాలుగింటికి బయల్దేరితే శృంగవరపుకోట దాటి ఘాట్ మొదట్లోకి వచ్చేసరికి చీకటి విడుతుంది. ముందురోజే వెళ్లి టైడాలో బస చేస్తే ఇంకా మంచిది. పెట్రోలు శృంగవరపుకోటలోనే నింపుకోండి.

ముందు టైడా, తర్వాత అరకు ఎందుకంటే, రాత్రి చల్లగాలి లోయలోకి దిగి పొగమంచు నిలుస్తుంది. అరకులో ఎనిమిదిన్నర, తొమ్మిదిదాకా పది గజాల అవతల ఏముందో తెలియని పొద్దులుంటాయి. కింద ఘాట్ వాలులో అంత మంచు ఉండదు.

కారు రోడ్డు పక్కన సురక్షితంగా ఆపి, ఇంజను ఆపేసి, తలుపులు మెల్లగా వెయ్యండి. అక్కడే పది నిమిషాలు నిలబడండి. తర్వాత ఒక కిలోమీటరు నడవడానికి గంట తీసుకోండి. లారీలు మలుపుల్లో వేగంగా వస్తాయి, ఒకరు ఎప్పుడూ రోడ్డు మీదే చూపు పెట్టాలి. రోడ్డు వదిలి అడవి లోపలికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోండి.

చలికాలం అడవి కొత్తవాళ్లను చాలా నిరుత్సాహపెడుతుంది. ఇరవై నిమిషాలు ఒక్క ఆకు కూడా కదలదు, ఆ తర్వాత ఒక్కసారిగా పదిహేను పిట్టలు మీదపడతాయి. దానికి కారణం ఉంది. ఈ కాలంలో రకరకాల చిన్న పిట్టలు గుంపుకట్టి కలిసి మేస్తూ సాగుతాయి. ముందు ఏట్రింతల జాతి అరుపులు వినిపిస్తాయి, వెనకనే మినివెట్లు, టిట్, నల్లనుదురు నట్‌హాచ్, మోనార్క్, వార్బ్లర్లు. అప్పుడు చెయ్యవలసింది: ముందు కదలకండి. గుంపు ఎటు సాగుతోందో చూసి, దాని ముందు ఓ ముప్పై గజాలు వెళ్లి నిలబడండి. వెంటపడితే తోకలే కనపడతాయి. ముందు కిందికొమ్మల్లో ఉన్నవాటిని చూడండి, పైకొమ్మల్లో ఉన్నవి తర్వాత కూడా ఉంటాయి. ఒక్కో పిట్టకి రెండు గుర్తులు చాలు, రెక్క మీద గీత ఉందా, తోక ఏ రంగు. పేరు తర్వాత.

పండిన మర్రి, మేడి చెట్టు దొరికితే నడక మానేసి దానికింద గంటసేపు కూర్చోండి. పచ్చపావురాలు, బార్బెట్లు, అదృష్టం ఉంటే హార్న్‌బిల్ అక్కడికే వస్తాయి. అడవికోళ్లు తెల్లారుతూనే రోడ్డు అంచుకి వస్తాయి. ఇక్కడివి ఎర్ర అడవికోళ్లు, గోదావరికి దక్షిణాన ఉండేవి బూడిదరంగువి. ఆ గీత గుర్తుంటే పుస్తకంలో సగం తికమక తగ్గుతుంది.

ఫోనులో పిట్ట కూత పెట్టి రప్పించడం మానండి. అది తన జాగాలోకి ఇంకొకటి చొరబడిందని మేత మానేసి వస్తుంది.

6. అనంతగిరి, సుంకరిమెట్ట కాఫీ తోటలు

ఎనిమిదిన్నరకి ఘాట్ ఎక్కండి. కాఫీ తోటల్లో నీడచెట్లు చూసి ఆగాలి. సిల్వర్ ఓక్ ఒక్కటే నిటారుగా నిలబడ్డ తోటలో పిట్టలు తక్కువ. పనస, మామిడి, మర్రి, అడవిచెట్లు కలిసి ఉన్న తోటలో ఎక్కువ. ఇది కాఫీ పళ్లు కోసే కాలం, తోటల్లో మనుషులుంటారు. "అక్కా, పిట్టలు చూసుకోవచ్చా?" అని అడిగి, దారి వదలకుండా నడవండి. ఎండబెట్టిన కాఫీ పళ్ల మీద కాలు వెయ్యకండి.

ఇక్కడ చూడవలసినవి నీలి పిట్టలు. ఒళ్లంతా మయూరనీలం, కంటిముందు నల్లమచ్చ ఉంటే వర్డిటర్ ఫ్లైకాచర్. రొమ్ము నారింజరంగు ఉంటే టికెల్స్ బ్లూ. గెడ్డల (వాగుల) పక్కన రాళ్ల మీద మలబార్ విజిలింగ్ త్రష్, నల్లగా కనపడినా భుజం నీలంగా మెరుస్తుంది. కాఫీ మొక్కల కింద నేలమీద తోక కిందికీ మీదికీ ఊపుతూ తిరిగే పచ్చటి పిట్ట ఆలివ్‌బ్యాక్డ్ పిపిట్. లేపితే పైకి ఎగిరి కొమ్మ మీద వాలుతుంది.

ఆకుల్లో ఒక్క క్షణం నిలవని చిన్న పచ్చపిట్టలు, లీఫ్ వార్బ్లర్లు, అందరికీ తలనొప్పి. రంగుతో తేల్చాలని చూడకండి, చెవి పెట్టండి. "చిస్‌లీ" అని రెండు ముక్కల కూత, రెక్క మీద సన్నటి ఒకే గీత ఉంటే గ్రీనిష్ వార్బ్లర్. రెండు గీతలుంటే వేరేది. కూత వినకపోతే "లీఫ్ వార్బ్లర్, తెలియలేదు" అని రాసి వదిలెయ్యండి. గ్రీనిష్ వార్బ్లర్ చలికాలం ఒక మేత జాగాను తనదిగా కాచుకుంటుంది, కాబట్టి ఇవాళ తేలనిది రేపు అదే చెట్టు దగ్గర తేలొచ్చు. ఈ పిట్ట చలికాలపు బతుకు మీద పక్షి శాస్త్రవేత్త ట్రెవర్ ప్రైస్ చేసిన పరిశీలన మన లంబసింగి కొండల్లోనే జరిగింది. ఈ తూర్పు కనుమల్లో ఏ పిట్ట ఏ ఋతువులో కనపడుతుందో ఆయన 1979లో ప్రచురించారు.

దట్టమైన పొదల్లో, గెడ్డ ఒడ్డున, గోధుమరంగు పొట్టితోక పిట్ట కనపడితే శ్వాస బిగబట్టి చూడండి. ఆబట్ బాబ్లర్ కావచ్చు. దాని అసలు దేశం తూర్పు హిమాలయాల నుంచి ఆగ్నేయాసియా దాకా. ఎక్కడో విడిపోయిన ఒక చిన్న గుంపు మన కొండల్లో ఉంది. పక్షి శాస్త్రవేత్తలు రిప్లీ, బీలర్ 1985లో ఈ గుంపుని వేరే ఉపజాతిగా వర్ణించి, విశాఖ పక్షి పరిశోధకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పేరు మీద "కృష్ణరాజుయి" అని పెట్టారు. చూడగానే అదేనని సంబరపడకండి, గోధుమరంగు బాబ్లర్లు ఇక్కడ చాలా ఉన్నాయి. ఫోటో గానీ రికార్డు చేసిన కూత గానీ లేకపోతే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

పదింటికి గాలికొండ వ్యూపాయింట్‌లో ఉండండి. అందరూ కిందికి చూస్తారు, మీరు పైకి చూడండి. ఎండకి గాలి వేడెక్కి లేస్తుంది, దాని మీద గద్దలు తేలతాయి. తోక మధ్యలో చీలి ఉంటే మామూలు గద్దే. రెక్కల కింద అంచు వెంబడి వెడల్పుగా తెల్లపట్టీ, పైగా అరుస్తుంటే సర్పెంట్ ఈగిల్. నల్లగా, రెక్కల చివర వేళ్లు చాపినట్టుంటూ చెట్లపైనే చాలా మెల్లగా తిరుగుతుంటే బ్లాక్ ఈగిల్. పన్నెండు దాటితే భోజనం చేసి నిద్రపోండి. మధ్యాహ్నం తిరిగినవాడికి సాయంత్రం ఓపిక ఉండదు.

7. సాయంత్రం: అరకు పొలాలు

అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న మైదానం. వరి కోసిన మళ్లు, వలిసె చేలు, మధ్యలో గెడ్డలు. మూడున్నరకి ఊరి బొంగు చికెన్ పొగ దాటి పొలాల వైపు వెళ్లి, గట్టు మీద ఒకచోట కూర్చోండి. పంట ఉన్న చేలోకి దిగకండి.

కంచెలు, కర్రలు, ఎండిన కాడల కొసలు ఒక్కొక్కటే చూసుకుంటూ రండి. స్టోన్‌చాట్, పైడ్ బుష్‌చాట్, కీచుపిట్టలు అక్కడే కూర్చుంటాయి. గాల్లో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడేది గోధుమరంగైతే కెస్ట్రెల్, తెల్లగా ఉండి భుజాలు నల్లగా ఉంటే బ్లాక్‌వింగ్డ్ కైట్. నిలబడింది కదా అని రెంటినీ ఒకటే అనుకోవడం రోజూ జరిగే పొరపాటు.

జిట్టంగుల్లో (వాగ్‌టైల్స్) ఇంకో తికమక. గెడ్డ రాళ్ల మీద, కడుపు పసుపుగా, పొడుగాటి తోక ఆడిస్తున్నదాన్ని అందరూ ఎల్లో వాగ్‌టైల్ అని రాస్తారు. అది గ్రే వాగ్‌టైల్, బూడిదరంగు వీపుది. ఎల్లో వాగ్‌టైల్స్ నీళ్లు నిలిచిన తడిపొలాల్లో గుంపుగా, పశువుల కాళ్ల దగ్గర ఉంటాయి.

అయిదింటి నుంచి పొద్దుగూకేదాకా హారియర్ల (పొలాల మీద వేటాడే డేగజాతి పిట్టలు) కోసం చూడండి. పొలం మీద మనిషెత్తున, రెక్కలు V ఆకారంలో పైకెత్తి, ఊగుతున్నట్టు ఎగురుతాయి. మగవాటిని పోల్చవచ్చు. గోధుమరంగు ఆడవీ పిల్లవీ, నడుము మీద తెల్లమచ్చ ఉన్నవి, పాలిడ్ హారియరా మాంటేగూ హారియరా అని తేల్చడం ఆరితేరినవాళ్లకే కష్టం. ఫోటో తీసి, "హారియర్" అని మాత్రం రాసుకోండి.

8. రెండో పొద్దు: మంచు, హుకుంపేట దారి

తెల్లారి మంచు దట్టంగా ఉంటే కంగారుపడి కారు నడపకండి. బస చుట్టూ ఉన్న చెట్ల కింద నిలబడి చెవులతో పిట్టలు రాసుకోండి. మంచు విడుస్తున్న ఆ గంట, దాదాపు ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర, కొండమీది పొలాలకి రోజు మొత్తంలో మంచి వేళ. తడిసిన పిట్టలన్నీ ఎండ కాచుకోవడానికి కొసలెక్కి కూర్చుంటాయి.

అరకు నుంచి పాడేరు సుమారు 45 కిలోమీటర్లు. గంటన్నరలో వెళ్లిపోవచ్చు, మీరు నాలుగు గంటలు పెట్టుకోండి. ప్రతి అయిదారు కిలోమీటర్లకి ఒకసారి, చెరువో గెడ్డో కనపడినచోట పావుగంట ఆగండి. దారిలో సంత ఉన్న రోజైతే ఆ ఊరు దాటేదాకా ఆగకండి. పిల్లలు గుమిగూడతారు. విసుక్కోకుండా బైనాక్యులర్స్ వాళ్లకిచ్చి చూపించండి, ఏ చెట్టుమీద గుడ్లగూబ ఉందో వాళ్లకే తెలుసు. కానీ గూడు చూపిస్తామంటే వెళ్లకండి. ఇవాళ మీరు చూసిన గూడు రేపు ఉండేలుకి గురవుతుంది.

9. దిగడం

పాడేరు ఘాట్‌ని వెలుగుండగా దిగండి. చోడవరం మీదుగా అనకాపల్లి చేరి అక్కడే రాత్రి ఉండండి. రేపు మళ్లీ చీకటితో లేవాలి. కొండ చలిలో ఉన్న బైనాక్యులర్స్‌ని మైదానపు తేమలోకి తేగానే అద్దాలకి ఆవిరి పడుతుంది. తుడవకండి, సంచిలోనే ఉంచి అరగంట ఆగితే అదే పోతుంది. కారులో ఏసీ వేసినా ఇదే జరుగుతుంది.

10. మూడో పొద్దు: కొండకర్ల ఆవ

మన రాష్ట్రంలో కొల్లేరు తర్వాత పెద్ద మంచినీటి సరస్సు ఇదే. ఆరింటికల్లా ఒడ్డున ఉండండి. ముందు గట్టుమీద నుంచే, సూర్యుడు వీపు వెనక ఉండేలా తూర్పువైపు చేరి, అరగంట చూడండి. ఎదురెండలో ప్రతి బాతూ నల్లబాతే. స్కోప్ (స్టాండు మీద పెట్టే దుర్భిణి) ఉంటే ఇక్కడే వాడాలి, దోనెలో ఊపుకి అది దండగ.

దోనె అంటే రెండు తాటిమానులు తొలిచి జత కట్టింది. ఎక్కే ముందే డబ్బూ సమయమూ మాట్లాడుకోండి. "అన్నా, పిట్టలు లేవకూడదు, మెల్లగా, తామరాకుల అంచు వెంబడే పోనీ" అని ముందే చెప్పండి. లేకపోతే సందర్శకుల్ని సంతోషపెట్టాలని తిన్నగా గుంపులోకి తోలి లేపేస్తారు, అదే చాలామంది అడిగేది కాబట్టి. నడుము వంచి కూర్చోండి, లేచి నిలబడకండి, ఇద్దరూ ఒకేవైపు వంగకండి. లైఫ్ జాకెట్ అడగండి. ఫోనూ తాళాలూ జిప్ కవర్లో వేసుకోండి. అడుగున నీళ్లుంటాయి, కూర్చునేచోట ప్లాస్టిక్ పట్టా వేసుకోండి.

ఇక్కడ జరిగే పొరపాట్లు:

పొడుగుతోక జకానా కోసం వెతకడం. ఫెజెంట్‌టెయిల్డ్ జకానాకి ఆ తోక సంతాన కాలంలోనే ఉంటుంది, చలికాలంలో రాలిపోతుంది. ఎగిరినప్పుడు తెల్లరెక్కలు చూసి పోల్చండి. బ్రాంజ్‌వింగ్డ్ జకానా ఎగిరినా తెల్లగా కనపడదు.

విస్కర్డ్ టెర్న్‌ని వేరే పిట్ట అనుకోవడం. పుస్తకంలో నల్లపొట్ట, నల్లటోపీ ఉంటాయి. చలికాలంలో పొట్ట తెలుపు, టోపీ చారలుచారలుగా మాసిపోయి ఉంటుంది.

బుడబుంగని చిన్నబాతు అనడం. మునిగి ఎక్కడో తేలేది బుడబుంగ. కాటన్ పిగ్మీ గూస్ తెల్లమొహంతో ఆకుల మధ్య పైనే తేలుతూ ఉంటుంది.

దూరంగా నిలబడ్డ కొంగలన్నీ ఒకటే అనుకోవడం. ముక్కు మధ్యలో సందు కనపడితే నత్తలు తినే ఓపెన్‌బిల్. ముక్కు పసుపుగా, తోక దగ్గర గులాబీరంగు ఉంటే పెయింటెడ్ స్టార్క్. గూడబాతులూ పెయింటెడ్ స్టార్కులూ గూళ్ల మీద చూడాలంటే ఈ యాత్ర కాదు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వేరేగా వెళ్లాలి.

లెక్కపెట్టడం: గుంపులో పది బాతుల్ని వేలుతో లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా పట్టాయో చూసి, అలాంటి ముక్కలు ఎన్నో లెక్కించండి. గుంపు అంచున పల్చగా, మధ్యలో చిక్కగా ఉంటుంది కాబట్టి రెండుచోట్లా పది పది తీసి చూడండి. ఇద్దరు విడివిడిగా చేసి, ఒకరికొకరు చెప్పుకోకుండా రాసి, తర్వాత పోల్చండి. అయిదోవంతుకి మించి తేడా ఉంటే మళ్లీ చెయ్యండి. ఇది అలవాటైతే ప్రతి జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో మీ లెక్క పనికొస్తుంది, 1987 నుంచి నడుస్తోంది అది.

11. జాబితా సరిచూసుకోండి

ప్రతి చోటుకీ విడి జాబితా రాయండి. "విశాఖ నుంచి అరకు, 115 కిలోమీటర్లు" అని ఒకే జాబితా వేస్తే ఏ పిట్ట అడవిదో ఏది పొలానిదో ఎవరికీ తెలియదు. నడక ఒకటి రెండు కిలోమీటర్లు ఉంటే మంచిది, ఎనిమిది దాటకూడదు. మొదలుపెట్టిన సమయం, నడిచిన దూరం, ఎంతమంది, మూడూ ఉండాలి. కాకుల్నీ పిచుకల్నీ కూడా రాయండి. అవి వదిలేసి ఈబర్డ్‌లో "పూర్తి జాబితా" అని నొక్కితే అబద్ధం.

ప్రతి రాత్రి పడుకునే ముందు, పుస్తకం తెరవక ముందు, కొత్త పిట్టల పేర్ల ఎదురుగా మూడు రాసుకోండి: కళ్లతో చూసిన గుర్తు ఏమిటి, ఎక్కడ ఏం చేస్తోంది, దీన్ని పోలిన ఇంకో పిట్ట ఏమిటి, అది ఎందుకు కాదు. మూడోదానికి జవాబు లేకపోతే ఆ పేరు కొట్టెయ్యండి. పుస్తకం చూశాక రాస్తే బొమ్మలో ఉన్న గుర్తులన్నీ మీరు చూసినట్టే అనిపిస్తాయి, ఆ వరస అందుకే. ఈబర్డ్ సమీక్షకుడు "వివరాలు పంపండి" అని అడిగితే చిన్నబుచ్చుకోకండి, ఆ మూడు వాక్యాలే పంపండి.

మూడు రోజులు కుదరనివాళ్లకి

ఒక్క పొద్దే ఉంటే కొండకర్ల. ఒక్క రోజు ఉంటే టైడా, అనంతగిరి చూసి గాలికొండ నుంచి వెనక్కి రండి, అరకు వదిలెయ్యండి. కారు లేనివాళ్లు ముందురోజు మధ్యాహ్నం ద్వారకా బస్‌స్టేషన్‌లో అరకు బస్సెక్కి, టైడాలో దిగి, అక్కడే పడుకుని పొద్దున్నే నడవండి. పెద్దవాళ్లూ చిన్నపిల్లలూ ఉంటే కంబాలకొండ చాలు, ఊరిపక్కనే. లంబసింగి చలి కోసం వెళ్తున్నవాళ్లు తాజంగి జలాశయం దగ్గర తొమ్మిదింటి దాకా ఆగండి. వ్యూపాయింట్ల జనంలో పిట్టలుండవు.

ఇంటికొచ్చాక బైనాక్యులర్స్‌ని బీరువాలో తోలుసంచిలో పెట్టకండి. విశాఖ తేమకి వర్షాకాలం వచ్చేలోపే అద్దాల లోపల బూజు సాలెగూడులా అల్లుకుంటుంది, దాన్ని తీయించడానికి అయ్యే ఖర్చుకి ఇంకో జత వస్తుంది. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచండి. రంగు మారే రకం పూసలైతే రంగు మారగానే వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వెయ్యండి. అద్దం మీద సముద్రపు ఉప్పు, ఇసుక ఉంటే ముందు ఊదుడు బల్బుతో గాలి కొట్టి, తర్వాతే మెత్తటి గుడ్డతో తుడవండి. చొక్కా అంచుతో తుడిచే అలవాటు ఉంటే ఇవాళే మానండి.